పైనుంచి తొమ్మిదోది

మంగళవారం పొద్దున పదికి రెండు నిమిషాలుండగా ప్రేమరాజు లుంగీ కొసతో బొటనవేలు తుడుచుకుని ఫోను ముందేసుకు కూర్చున్నాడు. వేలు చెమటగా ఉంటే నొక్కినచోట నిలవదు, జారి పక్కదాని మీద పడుతుంది. ఎదురుగా ఫెలిక్స్ స్టూలు మీద దిండు వేసుకుని, దాని మీద రెండు మోచేతులూ ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. ఆరు నెలలుగా అతను అలాగే కూర్చుంటున్నాడు, అలాగే నిద్రపోతున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. ఇరవై రెండేళ్లు గని లోపల డ్రిల్లు పట్టి మింగిన రాతిదుమ్ము లోపలే గట్టిపడిపోయింది.

"ఏం రాజూ, పెండ్లిచూపులకి... పోయినట్ల... కూచున్నావు" అన్నాడు, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ.

"నువ్వు నోరు మూసుకో బావా. గాలి దాచిపెట్టుకో."

ఫెలిక్స్ ప్రేమరాజు పెళ్లాం జూలియాకి సొంత అన్న. పెళ్లి చేసుకోలేదు. గని మూసేసిన ఏటి నుంచి చెల్లెలింట్లోనే, కేజీఎఫ్ ఛాంపియన్ రీఫ్స్‌లో గని కూలీల వరసిళ్ల లైన్లోని ఈ రేకులింట్లోనే ఉంటున్నాడు.

గనిదుమ్మూ క్వారీదుమ్మూ తిన్నవాళ్ల ఛాతీలు చూసే డాక్టర్ల బోర్డు మూడు నెలలకి ఒకసారి కోలారులో కూర్చుంటుంది. ఈ శుక్రవారం కూర్చుంటోంది. బోర్డు సంతకం పెట్టిన కాగితం ఉంటే ఇంట్లో పెట్టుకోను ఆక్సిజన్ మిషను ఇస్తారు. కాగితం లేకపోతే లేదు. బోర్డు ముందుకి పోవాలంటే టోకెను కావాలి. ఆ టోకెను ఇచ్చేది మనిషి కాదు, ఒక వెబ్‌సైటు. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున పదికి తెరుచుకుంటుంది. జిల్లా మొత్తానికి ఇరవై. రోజుకి ఆరో ఏడో ఇస్తుంది, అయిపోగానే మూసుకుంటుంది.

ఆ సైటు చేసినవాడు కంప్యూటర్ ముందు కూర్చుని కంప్యూటర్ కోసమే చేశాడు. ఫోన్లో తెరిస్తే పేజీ సగమే కనబడుతుంది, అడుగున ఉండే పచ్చ బటను కనబడనే కనబడదు. బ్రౌజరు మెనూలోకి పోయి, కంప్యూటర్‌లో కనబడేలాగా చూపించు అని చెప్పే ముక్క ఒకటి నొక్కాలి. అప్పుడు పేజీ చీమలబారు మాదిరి చిన్నదైపోయి, బటను బయటపడుతుంది.

ఆ ముక్క ఇంగ్లీషులో ఉంటుంది. ప్రేమరాజుకి ఇంగ్లీషు చదవడం రాదు. లైన్లో యాభై దాటినవాళ్లలో ఎవరికీ రాదు. కానీ ప్రేమరాజు గనిలో బెల్‌మన్. నేల కింద, మనుషుల్ని ఎక్కించి దించే ఇనపబోను, కేజీ, వచ్చి ఆగేచోట నిలబడి, పైన ఇంజను నడిపేవాడికి గంట కొట్టి చెప్పేవాడు. ఒక గంటంటే ఆపు. మూడంటే మనుషులెక్కారు, జాగ్రత్త. అక్షరాలతో పని లేదు, లెక్కతోనే పని. అందుకని పోయిన ఏడాది సైటు పద్ధతి తెలుసుకోగానే దాన్నీ లెక్కలో పెట్టేశాడు. పైన కుడిమూల మూడు చుక్కలు. నొక్కితే జాబితా దిగుతుంది. పైనుంచి తొమ్మిదోది నొక్కు. తర్వాత అడుగున పచ్చది. "చుక్కలు, తొమ్మిది, పచ్చ" అని లైన్లో ఎనిమిదిళ్లకి నేర్పించాడు. పింఛనుకీ అదే, రేషను పేరు మార్పుకీ అదే. ఆడవాళ్లు కొళాయి దగ్గర కూడా అనుకునేవాళ్లు, చుక్కలు, తొమ్మిది, పచ్చ అని.

పది కొట్టింది. ప్రేమరాజు సైటు తెరిచాడు. ఫెలిక్స్ ఎక్స్‌రే, సర్వీసు సర్టిఫికెట్టు అన్నీ ముందే ఎక్కించి పెట్టినవి. ఇక మెనూ ఒక్కటే. వేలు కుడిమూలకి పోయింది.

చుక్కలు లేవు.

మళ్లీ చూశాడు. అద్దం తుడిచాడు. లేవు. పది దాటి ఒక నిమిషం. ఫోను తిప్పాడు, వెనక్కి తిప్పాడు. కిందెక్కడో, వేలికి అడ్డంగా, పడుకుని ఉన్నాయి చుక్కలు. నొక్కాడు. జాబితా పైనుంచి దిగలేదు, కిందనుంచి లేచింది. గుండ్రటి మూలలు, వరసకి నాలుగు బొమ్మలు, వాటి కింద ముక్కలు. పాత జాబితా కాదు. రెండో నిమిషం. లెక్కే లెక్క అనుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని ఎడమనుంచి పెదవులతో లెక్కపెట్టి తొమ్మిదోదాన్ని నొక్కాడు.

పెట్టె ఒకటి లేచి ఏదో అడిగింది. రెండు మాటలు, ఒకటి నీలంగా ఉంది. నీలంది ఎప్పుడూ సరే అనేదే. నొక్కాడు.

చక్రం తిరిగింది. పేజీ తెల్లగా అయిపోయింది. తర్వాత సైటు మొదటికి వచ్చి, నువ్వెవరు, నంబరు చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు అని అడిగింది.

పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుంటుంది? ఫోనుకే గుర్తు.

వంటింట్లోంచి జూలియా తొంగిచూసింది. "వచ్చెనా?"

"నెట్టు లేదు" అన్నాడు ప్రేమరాజు. "రేపు చూద్దాం."

మధ్యాహ్నం రాబర్ట్‌సన్‌పేటలో నేత్ర మొబైల్ షాపుకి పోయాడు. ఆ పిల్ల రీచార్జీలు వేస్తూనే, ఒక చేత్తో అతని ఫోను తీసుకుని చూసింది.

"అంకుల్, అప్‌డేట్ అయింది. మెనూ అంతా మార్చేసినారు."

"మారిస్తే మార్చనీ. లోపలున్న మా బావ కాగితాలు యాడికి పోయె?"

"మీరు నొక్కింది తుడిచేసేది. ఇంతవరకు ఉండేవన్నీ తుడిచెయ్యాల్నా అని అడిగింటాది. మీరు సరే అన్నారు. ఫోనుకి గుర్తుండే పాస్‌వర్డ్ దాంతోనే పోయె."

"నేను యాడ సరే అంటిని? నేను తొమ్మిది నొక్కినా!"

కౌంటరు దగ్గరున్న ఇద్దరు నవ్వారు. నేత్ర నవ్వలేదు. "ముందు తొమ్మిదోది వేరే అంకుల్. ఇప్పుడు ఆ జాగాలో ఇది పెట్టినారు."

"ఎవుర్ని అడిగి?"

"అడగరు. రాత్రి అదే మారిపోతాది."

ప్రేమరాజు కౌంటరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. గనిలో ఒక్క గంట లెక్క మార్చాలంటే వారం ముందే షాఫ్ట్ దగ్గర బోర్డు వేలాడేసేవాళ్లు. ప్రతి షిఫ్టుకీ చదివి వినిపించి, సంతకం రానివాడి చేత వేలిముద్ర వేయించుకునేవాళ్లు. తెల్లదొర రోజుల నుంచీ అంతే అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఎందుకంటే లెక్క తప్పితే మనుషులు చస్తారు. ఈ లెక్క మార్చినవాడు ఏ ఊళ్లో, ఏ చల్లటి గదిలో కూర్చున్నాడో, చేతికి అందంగా ఉంటుందని మార్చాడు. కింద కేజీలో ఎవరున్నారని అడగలేదు.

"పాతది తెచ్చివ్వమ్మా. దుడ్డెంతయినా ఇస్తా."

"రాదంకుల్. నా ఫోన్లో ఇంగా మారలే, కొత్త దాంట్లో అది యాడ పెట్టినారో నాకూ తెలీదు. పాస్‌వర్డ్ మర్చిపోయినా అని కొట్టండి, ఓటీపీ వస్తాది." అతను వెనక్కి తిరిగాక మళ్లీ పిలిచింది. "అంకుల్, మీ లైన్లో మీరే కదా అందరికీ నేర్పించింది? చెప్పండి వాళ్లకి. ఇయ్యాల్నో రేపో వాళ్ల ఫోన్లు కూడా మారతాయి. తొమ్మిది నొక్కద్దని చెప్పండి."

"చెప్తా" అన్నాడు ప్రేమరాజు.

చెప్పలేదు. లైన్లోకి వచ్చేసరికి కొళాయి దగ్గర ఫిలోమినా బిందె కడుగుతోంది. గని మూతపడ్డాక పదిహేనేళ్లు క్రషర్లో రాయి కొట్టిన మనిషి. భుజాలింకా మొగవాడివే, దగ్గు మాత్రం తెల్లారేదాకా. ఆమె కూడా ఈ బోర్డుకే అర్జీ పెట్టింది.

"రాజన్నా! మీ బావకి టోకెను దొరికెనా? నాకు ఈపొద్దు మూసేసింది. రేపు పదికి నేనూ, పక్కింటి హనుమంతప్పా, ఇంగా ముగ్గురు ఒకేసారి కొడతాము. నీ లెక్క ఉండాదిలే, భయమేముంది!"

ఆ మాట అనకపోయి ఉంటే చెప్పేవాడేమో. నా లెక్క తప్పింది, నా చేత్తోనే మా బావ కాగితాలు తుడిచేశాను అని కొళాయి దగ్గర ఆడవాళ్ల ముందు ఎలా చెప్పడం? నా ఫోనుకే ఏదో రోగం వచ్చింది, వాళ్లవి బాగానే ఉంటాయి అనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక. తల ఊపి లోపలికి పోయాడు.

ఓటీపీ రాలేదు. అర్జీ పెట్టినప్పుడు ఫెలిక్స్ పాత నంబరు ఇచ్చారు. దానికి రీచార్జి చెయ్యక అది ఎప్పుడో చచ్చిపోయింది.

బుధవారం పొద్దున్నే ప్రేమరాజు బంగారపేట మీదుగా కోలారు బస్సెక్కాడు. బోర్డు ఆఫీసులో మునేష్ అనే గుమాస్తా ఉన్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. అదే ఇంకా మంట.

"నంబరు మార్చాలంటే ఆన్‌లైన్లో మార్చుకోవాలప్పా."

"ఆన్‌లైన్లోకి పోవాలంటే?"

"పాత నంబరుకి ఓటీపీ వస్తాది, అది కొట్టాల."

"పాత నంబరు లేదు కదా సార్."

"అందుకే కదప్పా, మార్చుకోండి."

ప్రేమరాజు కాసేపు అతని మొహం చూశాడు. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకున్నాడు. లేదు, నిజంగానే చెబుతున్నాడు.

"సార్, నువ్వు ఒక కాగితం మీద రాసుకో. ఫెలిక్స్, మైన్స్ డ్రిల్లరు, ఎంప్లాయి నంబరు చెప్తా. శుక్రవారం తోలుకొని వస్తా. డాక్టరు చూస్తాడు. అంతే కదా పని?"

"చేత్తో రాసేది ఆగల్లప్పా, కుదరదు. అదంతా ఎప్పుడో నిలిపేసినారు. సిస్టంలో పేరుంటేనే డాక్టరు."

"మనిషి ఎదురుగా కూచోనుంటే కూడానా?"

"సిస్టంలో లేకుంటే లేనట్టే." అలా అని మునేష్ టీ తెప్పించి ఒక కప్పు అతనికీ ఇచ్చాడు. ప్రేమరాజు తాగాడు. తాగినందుకు బస్సులో దారి పొడుగునా తనని తానే తిట్టుకున్నాడు.

మధ్యాహ్నం లైన్లోకి వచ్చేసరికి ఫిలోమినా అతని ఇంటి గడపలోనే కూర్చుని ఉంది. వెనక హనుమంతప్ప, ఇంకో ముగ్గురు. ఫిలోమినా ఫోను అతని మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"తొమ్మిది లెక్కపెట్టినా రాజన్నా. రెండుసార్లు లెక్కపెట్టినా. పూర్తిగా పోయె. మా ఐదుగురివీ పోయె. ఏమి చేసినామప్పా మేము?"

వాకిట్లో నిలబడిపోయాడు ప్రేమరాజు. లోపల్నుంచి ఫెలిక్స్ ఊపిరి శబ్దం వినబడుతోంది, చిల్లుపడ్డ సైకిలు పంపులాగా.

"మీరేం తప్పు చెయ్యలేదు" అన్నాడు. "నాకు నిన్ననే పోయె. నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పలేదు."

హనుమంతప్ప కాండ్రించి ఉమ్మేశాడు. ఫిలోమినా లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. జూలియా తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆ రోజు అన్నం వడ్డించింది గాని మొగుడి మొహం చూడలేదు.

గురువారం తెల్లవారుతూనే ప్రేమరాజు ఫోను పట్టుకున్నాడు. ఇక లెక్క లేదు. ప్రతి బొమ్మా నొక్కి చూడాలని కూర్చున్నాడు. జూలియా పాత చర్చి కేలండరు చింపి ఇస్తే, వెనక పెన్సిలుతో గీతలు గీశాడు. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో, ఆ బొమ్మ వేసి పక్కన గుర్తు పెట్టుకున్నాడు. నక్షత్రం బొమ్మ, పనికిరాదు. బాణం కిందికి, పనికిరాదు. చెత్తబుట్ట, దాన్ని నల్లగా కొట్టేశాడు, పెన్సిలు ముల్లు విరిగేదాకా. మధ్యలో ఒకసారి ఫోనంతా నల్లగా అయిపోయింది. ఒకసారి అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి. ఫెలిక్స్ దిండు మీద గడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు.

"గనిలో... బంగారు వెతికినట్ల... వెతుకుతాండావే."

"బంగారన్నా నయం బావా. అది పెట్టినచోటనే ఉండేది."

పదయింది. సైటు తెరుచుకుంది. ఫిలోమినా నంబరు బతికే ఉంది కాబట్టి ఆమె ఫోన్లో కొత్తగా లోపలికి పోవచ్చు. జూలియా పోయి అడిగి ఆ ఫోను తెచ్చింది. ఏమి చెప్పి తెచ్చిందో అతను అడగలేదు. ఒకటైనా దక్కాలి. వేలు తుడుచుకున్నాడు, నొక్కాడు, వెనక్కి వచ్చాడు, నొక్కాడు. పదీ ఐదు. పదీ పది. చెంపల మీదుగా చెమట కారి అద్దం మీద పడింది. దాన్ని తుడవబోయి చొక్కా చేతితో కిందనుంచి పైకి రుద్దాడు. మెనూ ఇంకా పైకి లేచింది.

అడుగున ఇంకో వరస ఉంది. ఈ మూడు రోజులూ అది కనబడకుండా అంచు కింద దాక్కుని ఉంది. ఆఖరి బొమ్మ చిన్న టీవీ పెట్టెలాగా ఉంది. నొక్కాడు. పేజీ చీమలబారులాగా చిన్నదైపోయింది. అడుగున పచ్చది.

కానీ అది పచ్చగా లేదు, బూడిదరంగులో ఉంది. పైన ఎర్రగా ఒక ముక్క. జూలియా బైబిలు చదివే కళ్లజోడు పెట్టుకుని కన్నడం ముక్క కూడబలుక్కుని చదివింది. "టోకెన్లు ముగిసినవి."

పదీ ఇరవై నిమిషాలు.

ప్రేమరాజు తన ఫోనూ తీసుకుని మెనూ లేపి, పైకి లాగి, టీవీ బొమ్మ నొక్కాడు. మళ్లీ మూసి, మళ్లీ నొక్కాడు. నాలుగుసార్లు చేశాడు. ఇక కళ్లు మూసుకున్నా చెయ్యగలడు. దేనికి?

సాయంత్రం ఫిలోమినా తన ఫోను తీసుకోను వచ్చింది. గడప దాటలేదు. "టెంపో మాట్లాడినా" అంది, జూలియాతో చెబుతున్నట్టు. "టోకెను లేకపోతే ఏమప్పా, కాళ్లు ఉండాయి కదా. దగ్గేవాళ్లందరూ పోదాం. పదకొండు మందిమి. లోపలికి పంపకపోతే బయట కూచోని దగ్గుదాం. మీ అన్నని దిండుతోపాటు ఎక్కించు. మీ ఆయన కూడా వచ్చేటట్లైతే రానీ, వాడూ దగ్గుతాడు కదా."

శుక్రవారం ఏడు గంటలకల్లా కోలారులో బోర్డు కూర్చునే హాలు ముందు దిగారు. ఎనిమిదిన్నర నుంచి వేరే ఊళ్లవాళ్లు ఒక్కొక్కరే రాసాగారు, చేతుల్లో టోకెను కాగితాలతో. తొమ్మిదిన్నరకి లైన్‌వాళ్లు పదకొండు, వాళ్లు తొమ్మిది, మొత్తం ఇరవై మంది. వరస ఎవరు ఎక్కడ అనే గొడవ మొదలైతే ప్రేమరాజు కలగజేసుకున్నాడు. గనిలో కేజీ పైకి పోయేటప్పుడు దెబ్బ తగిలినవాడు ముందు, చెయ్యీ కాలూ బాగున్నవాడు వెనక. ఆఫీసరైనా సరే. అదే పద్ధతిలో నిలబెట్టాడు. ఊపిరి ఎవరికి తక్కువుందో విని, ఏ ఊరని అడక్కుండా ముందుకి పంపాడు. ఫెలిక్స్ ఐదో మనిషి అయ్యాడు. ఫిలోమినా పదిహేనో మనిషి అయ్యింది. తను ఆఖరున నిలబడ్డాడు.

"ముందు దిగింది మేము" అని ఫిలోమినా గొణిగింది. అయినా కదిలింది. ఆ పద్ధతి ఆమెకీ తెలుసు.

పదికి డాక్టరు వచ్చి లోపల కూర్చున్నాడు. మునేష్ వాకిట్లో కుర్చీ వేసుకుని, ఫోను తీసి, లిస్టు తెరవబోయాడు. ఆఫీసు కంప్యూటర్ పాడై నెలైందట, ఫోన్లోనే పని. నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఫోను తిప్పాడు. వెనక్కి తిప్పాడు.

ప్రేమరాజుకి ఆ తిప్పడం తెలుసు.

"ఏమైందప్పా మునేష్?" లోపల్నుంచి డాక్టరు.

"పేజీ పూర్తిగా రాలేదు సార్. ఒక్క నిమిషం. డెస్క్‌టాప్ దాంట్లో పెడితే వస్తాది, అదే... నిన్నదాకా ఇక్కడే ఉండె." మునేష్ చెవులు ఎర్రబడ్డాయి. పది నిమిషాలు గడిచాయి. ఎవరికో ఫోను చేశాడు, వాళ్లు ఎత్తలేదు. చివరికి తలెత్తి వరస వైపు చూశాడు. "ఇక్కడ ఎవరికైనా తెలుసా, ఈ కొత్త మెనూలో డెస్క్‌టాప్ సైట్ యాడ ఉండాదో? ఎవరికైనా?"

లైన్‌వాళ్లందరూ ప్రేమరాజు వైపు తిరిగారు. మునేష్ కూడా తిరిగాడు. "ఏమప్పా, నీకు తెలుసా?"

పైకి లాగు, టీవీ బొమ్మ నొక్కు. రెండు క్షణాలు. లిస్టు తెరుచుకుంటుంది. అందులో ఫెలిక్స్ ఉండడు.

ఫెలిక్స్ గోడకి ఆనించిన దిండు మీద వంగి, నేల వైపు చూస్తున్నాడు. మెడ నరాలు తాళ్లలాగా లేచి పడుతున్నాయి.

"తెలీదు సార్" అన్నాడు ప్రేమరాజు.

పదిన్నరకి డాక్టరే విసుక్కున్నాడు. "ఒంటిగంటకి నేను పోవాల. నోటుబుక్కు తీసి రాయప్పా, నిలబడినోళ్లని నిలబడినట్టు. ఇరవై మందిని పంపు." మునేష్ నోటుబుక్కు తీశాడు. కుదరదన్న చేతిరాత ఇప్పుడు కుదిరింది. ఒకటి నుంచి ఇరవై దాకా రాశాడు.

పదకొండుకి ఫెలిక్స్ లోపలికి పోయాడు, ఒక పక్క జూలియా, ఒక పక్క ప్రేమరాజు. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పట్టుకుని చూసి, స్టెతస్కోపు పెట్టి, కాగితం మీద సంతకం చేసి, ముద్ర వేసి, రిజిస్టరులో కూడా రాశాడు. జూలియా బయటికి వచ్చి, ఆ కాగితం గుండెలకి ఆనించుకుని గోడవైపు తిరిగి ఏడ్చింది. వరసలో ఒక్కొక్కరే తగ్గుతున్నారు. అంతవరకు బాగానే ఉంది.

పన్నెండుకి గేటు దగ్గర ఆటో ఆగింది. ఒకామె ఒక మనిషిని చంకల కింద చేతులు వేసి దించింది. రెండడుగులు వేసి ఆ మనిషి మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, ముందుకి వంగాడు. అచ్చం ఫెలిక్స్ లాగే.

"టేకల్ నుంచి వచ్చినాము సార్. ఆంజినప్ప, రాతిపని. పన్నెండుకి రమ్మని టోకెను" అని ఆమె ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసింది. పేరు అక్కయమ్మట.

"బుక్కు ఫుల్లమ్మా. ఇరవై మంది అయిపోయినారు."

"టోకెను ఉండాది కదా సార్! రెండు దినాలు కూలి పోగొట్టుకొని తీసిందిది."

"ఈ కాగితం జిరాక్స్ షాపులో ఎవుడైనా చేసిస్తాడు. పోయిన బోర్డుకి దొంగవి వచ్చినాయి. లిస్టుతో చూడాల, లిస్టు తెరుచుకోలేదు."

"తెరిచి చూడండి సార్. మా ఆయన పేరు ఉంటాది. ఒక్కసారి తెరవండి."

"అదే ఆగల్లమ్మా, చెప్తా ఉండాను కదా!"

ఆమె వెనక ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డారు. అందరి చేతుల్లో అవే కాగితాలు. ఆంజినప్ప దగ్గాడు. దగ్గు ఆగలేదు. పెదవుల దగ్గర నీలం తిరుగుతోంది. అక్కయమ్మ మొగుడి వీపు రాస్తూ మునేష్ వైపు, మూసిన తలుపు వైపు, వరస వైపు చూసింది. వరసలో మిగిలింది ఎనిమిది మంది. అందరూ లైన్‌వాళ్లే. ఫిలోమినా ఇప్పుడు మూడో మనిషి.

ప్రేమరాజు బావ వైపు చూశాడు. ఫెలిక్స్ జూలియా చేతిలోంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, బనియను లోపలికి దోపుకుని పైన అరచెయ్యి పెట్టుకున్నాడు. కళ్లెత్తలేదు.

ప్రేమరాజు వరసలోంచి బయటికి వచ్చాడు. ఫిలోమినా పక్కగా పోతుంటే ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"యాడికి?"

అతను వదిలించుకున్నాడు.

"ఫోనిట్లియ్యి సార్."

మునేష్ ఇచ్చాడు. మెనూ లేపాడు, పైకి లాగాడు, టీవీ బొమ్మ నొక్కాడు. లిస్టు తెరుచుకుంది. తిరిగి ఇచ్చాడు.

మునేష్ ఫోను చూశాడు, అతన్ని చూశాడు. "తెలీదంటివి కదయ్యా."

"అంటిని."

మునేష్ వేలితో లిస్టు లాగాడు. పదకొండో నంబరు ఆంజినప్ప, టేకల్. అక్కయమ్మ మొగుణ్ని లేపి లోపలికి నడిపించింది. ప్రేమరాజు వైపు చూడను కూడా లేదు. ఆమెకి ఏం తెలుసు? మునేష్ లోపలికి పరుగెత్తాడు.

"సార్, పొద్దున పోయినవాళ్లలో ముగ్గురు లిస్టులో లేరు సార్! కేజీఎఫ్‌వాళ్లు. కేన్సల్ చెయ్యాల!"

"ఇంకుతో రాసినానప్పా, ముద్ర కూడా పడె" అన్నాడు డాక్టరు. "ఇంగ యాడ తుడిచేది? మిగిలినవాళ్లని లిస్టు ప్రకారం పంపు."

మునేష్ బయటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, స్కేలు పెట్టి నోటుబుక్కులో గీతలు కొట్టసాగాడు. పదమూడు. పద్నాలుగు. ఒక్కొక్క పేరు మీదా తిన్నగా గీత. పదిహేను, ఫిలోమినా. ఇరవై, ప్రేమరాజు. కొట్టడం అయ్యాక స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిది మందీ నిలబడినచోటే నిలబడ్డారు. హనుమంతప్ప కిందికి చూస్తూ చెప్పు మడమతో నేల గీస్తున్నాడు. ఫిలోమినా ప్రేమరాజు ముందుకి వచ్చింది.

"మంగళవారం నోరు తెరవాల్సి ఉండె, తెరవలేదు. ఈపొద్దు ఇంకో గంట మూసుకోవాల్సి ఉండె, మూసుకోలేదు. నువ్వు ఏమి మనిషివి రాజన్నా?"

ప్రేమరాజు ఆంజినప్ప అని చెప్పబోయాడు, గొంతులో దగ్గు అడ్డం పడింది. ఆమె దగ్గు ఆగేదాకా అక్కడే నిలబడి చూసింది. జాలితో కాదు. ఎంతసేపు దగ్గుతాడో చూసినట్టు చూసింది.

తర్వాత ఆమె తిరిగి, డాక్టరు గది తలుపు దగ్గరికి పోయి, సరిగ్గా గడప మధ్యలో కూర్చుంది. కొంగు నడుముకి దోపుకుంది, కాళ్లు చాపింది.

"అమ్మా, లేయమ్మా. లోపలికి మనుషులు పోవాల" అన్నాడు మునేష్.

"పోయేవాళ్లకి దారి ఇస్తా. టోకెన్నోళ్లు అందరూ పోనీ. మేము ఆమీట పోతాము. రాసినావు కదా మమ్మల్ని? నీ చేత్తో రాసినావు. నువ్వు గీత కొట్టుకుంటే నీ బుక్కులో కొట్టుకో. నేను యాడా పోలేదు, ఇక్కడే ఉండాను."

హనుమంతప్ప పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. ఇంకొకడు. ఇంకొకామె. ఆంజినప్ప బయటికి వచ్చేటప్పుడు అందరూ మోకాళ్లు ముడుచుకుని దారిచ్చారు, మళ్లీ చాపుకున్నారు. టోకెన్లవాళ్లు ఒక్కొక్కరే పోయారు, వచ్చారు. ప్రతిసారీ ముడుచుకోవడం, చాపుకోవడం. మునేష్ పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలువు, వాళ్లనీ దగ్గు వినమను అంది ఫిలోమినా.

ప్రేమరాజు దూరంగా స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. ఏడుగురు గడపలో ఉన్నారు. జూలియా ఫెలిక్స్ పక్కనుంచి అతన్నే చూస్తోంది. చాలాసేపు అయ్యాక అతను నడిచి వచ్చి గడప ముందు ఆగాడు. జాగా లేదు. ఫిలోమినా తలెత్తి చూసింది. తర్వాత ఎడమ చేత్తో చీర కుచ్చిళ్లు తనవైపు లాక్కుని, ఒక మనిషి పట్టేంత జరిగింది.

"కూచో. ఈసారైనా నేను చెప్పేదాకా లేవద్దు."

కూర్చున్నాడు.

ఒంటిగంట అయింది. ఆఖరి టోకెనువాడు బయటికి వచ్చాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, బ్యాగు జిప్పు వేసిన చప్పుడు. డాక్టరు కారు తాళాలు చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు. అతని బూట్ల ముందు పదహారు కాళ్లు.

ఫిలోమినా కాళ్లు ముడుచుకోలేదు.

"యాడికి సార్?" అంది. "ఇంగా ఎనిమిది మంది ఉండారు."